మార్క్ 5 తర్వాత మార్క్ 3 ఎలా వచ్చింది?

పాత అమెరికన్ కార్ల అమ్మకం ప్రకటనలు కాలక్షేపానికి చూసే అలవాటున్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు ఎదురవుతుంది. ఒక ప్రకటనలో '1958 కాంటినెంటల్ మార్క్ 3' అని ఉంటుంది. తోకలూ రెక్కలూ ఉన్న, ఓ చిన్న పడవంత కన్వర్టిబుల్ కారు. దాని కిందే ఇంకో ప్రకటన, '1970 కాంటినెంటల్ మార్క్ 3' అని. గుడి గోపురంలా నిలువుగా లేచిన గ్రిల్, మూసుకున్న హెడ్‌లైట్లు, రెండే తలుపులు. రెండింటికీ పోలికే లేదు, మధ్యలో పన్నెండేళ్ల తేడా, పేరు మాత్రం ఒక్కటే. ఇంకాస్త వెతికితే 1959 మార్క్ 4, 1975 మార్క్ 4, 1960 మార్క్ 5, 1978 మార్క్ 5 కూడా కనిపిస్తాయి. ఫోర్డ్ కంపెనీవాళ్లకి ఒకట్లు రెండ్లు రావా అనిపిస్తుంది.

వచ్చు. లెక్క తప్పలేదు, కావాలనే చెరిపేశారు. ఎందుకు చెరిపారో తెలిస్తే డెబ్బైల నాటి ఈ లగ్జరీ కూపేల, అంటే రెండు తలుపుల కార్ల, కథ సగం అర్థమైనట్టే.

ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అసలు గందరగోళం అక్కడే. మనకి ఇంటిపేరు, పేరు అని రెండుంటాయి కదా, అలా అనుకోండి. లింకన్ అంటే ఫోర్డ్ వాళ్ల ఖరీదైన కార్ల బ్రాండు. 'లింకన్ కాంటినెంటల్' అంటే ఇంటిపేరు లింకన్, పేరు కాంటినెంటల్. 'కాంటినెంటల్ మార్క్ 4' అంటే ఇంటిపేరే కాంటినెంటల్, పేరు మార్క్ 4. అమ్మింది అదే లింకన్-మెర్క్యురీ షోరూముల్లో, తయారుచేసింది అదే ఫోర్డ్, కానీ మార్క్ మీద లింకన్ అనే మాట ఉండేది కాదు. డెబ్బైల్లో షోరూములో రెండు కార్లూ పక్కపక్కనే నిలబెట్టేవారు. లింకన్ కాంటినెంటల్‌లో రెండు తలుపుల కారు కూడా ఒకటుండేది, దానికి టౌన్ కూపే అని ముద్దుపేరు. అది మార్క్ కాదు. దాని చాసీ వేరు, బాడీ వేరు. ఇవాళ్టికీ సగం ప్రకటనల్లో ఈ రెండింటినీ కలిపేసి రాస్తుంటారు. 1986 మోడల్‌తో గానీ ఇంటిపేరు మార్చి 'లింకన్ మార్క్ 7' అని రాయలేదు.

ఇక వంశం మొదటికి వెళ్దాం.

హెన్రీ ఫోర్డ్ కొడుకు ఎడ్సెల్ ఫోర్డ్‌కి కార్ల మీద మంచి అభిరుచి ఉండేది, తండ్రికి లేని రకం అభిరుచి. ఫ్లోరిడాలో సెలవులు గడపడానికి 1939లో తన కోసం ఒక ప్రత్యేకమైన కారు చేయించుకున్నాడు. గీసింది బాబ్ గ్రెగొరీ. ఐరోపా కార్లలా పొడవుగా, కిందికి కూర్చున్నట్టు ఉండాలన్నది ఎడ్సెల్ కోరిక, అందుకే కాంటినెంటల్ అన్న పేరు. అక్కడ చూసినవాళ్లంతా మాకూ కావాలనడంతో దాన్ని 1940 నుంచి అమ్మకానికి పెట్టారు. యుద్ధం వల్ల మధ్యలో ఆగి, మళ్లీ 1948 దాకా వచ్చింది. దాని డిక్కీ వెనకాల స్టెప్నీ నిలువుగా, బయటికి కనిపించేలా ఉండేది. ఈ స్టెప్నీని గుర్తుపెట్టుకోండి, కథ చివరిదాకా వెంట వస్తుంది. బయట స్టెప్నీ బిగించడానికి అమెరికాలో ఇప్పటికీ 'కాంటినెంటల్ కిట్' అనే అంటారు.

ఆ కారు మీద మార్క్ 1 అని ఎక్కడా రాసి లేదు. రెండోవాడు పుడితే గానీ మొదటివాణ్ని పెద్దబ్బాయి అనరు కదా.

ఆ రెండోది 1956లో వచ్చింది, కాంటినెంటల్ మార్క్ 2. ఎడ్సెల్ 1943లోనే పోయాడు, ఆయన చిన్న కొడుకు విలియం క్లే ఫోర్డ్ చేతికి ఈ పని అప్పజెప్పారు. దీని కోసం లింకన్‌తో సంబంధం లేకుండా కాంటినెంటల్ అని ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టారు. ఆ రోజుల్లో అమెరికన్ కార్లంటే క్రోమియం తాపడాలు, రెండు మూడు రంగులు, వెనక రెక్కలు. మార్క్ 2లో అవేవీ లేవు. నున్నగా, గంభీరంగా, పెళ్లిలో తెల్ల పంచె కట్టుకుని ఓ పక్కన నిలబడ్డ పెద్దాయనలా ఉంటుంది. ధర దాదాపు 10,000 డాలర్లు. ఎల్విస్ ప్రెస్లీ కొన్నాడు, ఫ్రాంక్ సినాట్రా కొన్నాడు. అయినా రెండేళ్లలో మొత్తం 3,000 దరిదాపుల్లోనే తయారయ్యాయి, అంత ధర పెట్టినా కంపెనీకి అమ్మిన ప్రతి కారు మీదా నష్టమే. పైగా సరిగ్గా 1956లోనే ఫోర్డ్ షేర్లు జనంలోకి వెళ్లాయి. ఇంటి డబ్బుతో సరదా తీర్చుకోవడం వేరు, షేర్‌హోల్డర్లకి లెక్క చెప్పడం వేరు. విభాగం మూసేశారు.

పేరుకి మాత్రం పరువుంది, దాన్ని వదులుకోవడం ఇష్టం లేదు. అందుకని 1958లో కొత్త లింకన్ బాడీకే కాస్త అలంకారం చేసి కాంటినెంటల్ మార్క్ 3 అన్నారు. 1959లో మార్క్ 4, 1960లో మార్క్ 5. ఏడాదికో నంబరు. క్యాలెండర్ చించినట్టు. ధర మార్క్ 2 కంటే బాగా తగ్గించారు, నాలుగు తలుపుల సెడాన్ ఉంది, కన్వర్టిబుల్ ఉంది, తర్వాత లిమోజీన్ కూడా వచ్చింది. వెనక అద్దం లోపలికి వాలి ఉంటుంది, బటన్ నొక్కితే కిందికి దిగుతుంది. నిజం చెప్పాలంటే ఇది నాకు సరదాగానే ఉంటుంది, కానీ మార్క్ 2 పక్కన పెడితే తండ్రీకొడుకులని ఎవరూ అనరు. 1958లో అమెరికాలో మాంద్యం, ఎవరి చేతిలోనూ డబ్బు లేదు, ఈ మూడేళ్లూ లింకన్‌కి నష్టాలే నష్టాలు. 1961లో అన్నీ ఊడ్చేసి, ఎల్‌వుడ్ ఎంగెల్ గీసిన సాదాసీదా నాలుగు తలుపుల కారుతో మళ్లీ మొదలుపెట్టారు. దాని పేరు లింకన్ కాంటినెంటల్, అంతే. మార్క్ అన్న మాట మాయమైంది. డల్లాస్‌లో కెనడీ ప్రయాణించింది ఈ తరం కారులోనే.

ఇక్కడికి పాత కథ అయిపోయింది. డెబ్బైల కథ నిజానికి 1965లో, ఒక హోటల్ గదిలో మొదలైంది.

లీ అయకోకా అప్పటికే ఫోర్డ్‌లో మస్టాంగ్ కారుతో పేరు తెచ్చుకున్న మనిషి. ఏదో మీటింగుకి కెనడా వెళ్లి, రాత్రి నిద్రపట్టక డిజైన్ పెద్ద జీన్ బోర్డినాట్‌కి ఫోన్ చేశాడు. మన ఫోర్డ్ థండర్‌బర్డ్ కారు ముందు రోల్స్‌రాయిస్ గ్రిల్ లాంటిది పెట్టి చూడు, అన్నాడు. ఇది తర్వాత ఆయనే చెప్పుకున్న సంగతి. వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ, దీని వెనక గట్టి లెక్క ఉంది. థండర్‌బర్డ్‌ని 1967లో నాలుగు తలుపులతో కూడా తెస్తున్నారు, దాని చాసీ కాస్త పొడుగు. పొడుగు చాసీ తీసుకుని, మళ్లీ రెండు తలుపులే పెట్టి, మిగిలిన పొడుగంతా ముందుకి తోసేస్తే? బానెట్ ఒక్కటే ఆరడుగులు దాటింది. లోపల కూర్చునే చోటు పెద్దగా పెరగలేదు, బయట హుందాతనం మాత్రం రెట్టింపైంది. చాసీ, లోపలి భాగాలు అన్నీ ఉన్నవే కాబట్టి కొత్త కారుకయ్యే ఖర్చు లేదు. థండర్‌బర్డ్ 5,000 డాలర్ల లోపో అటూఇటూగానో అమ్ముడవుతుంటే దీనికి 6,600 దాకా పెట్టారు. మార్క్ 2 నష్టానికి మందు దొరికింది, అందరికీ తెలిసిన కారునే ఎవరూ గుర్తుపట్టని చొక్కా తొడిగి అమ్మడం.

పోటీగా ఉన్నది జనరల్ మోటార్స్ వాళ్ల క్యాడిలాక్ ఎల్డొరాడో. 1967లో అది ముందు చక్రాలు లాగే కొత్త పద్ధతిలో వచ్చింది, ఇంజనీరింగ్‌లో దాని ముందు ఫోర్డ్‌ది పాత చింతకాయ పచ్చడే. కానీ కొనేవాడు ఏ చక్రం లాగుతోందో చూడడు, గ్రిల్ చూస్తాడు. అయకోకాకి ఇది బాగా తెలుసు.

కారు సిద్ధమయ్యాక పేరు ఏం పెట్టాలి? లెక్క ప్రకారమైతే మార్క్ 6. కానీ అప్పుడు కంపెనీ అధిపతి హెన్రీ ఫోర్డ్ 2, అంటే ఎడ్సెల్ పెద్ద కొడుకు. మొదటి కాంటినెంటల్ నాన్నది, రెండోది తమ్ముడిది, మరి మూడోది? మధ్యలో వచ్చిన మూడు కార్లూ ఎవరివీ కావు, లింకన్ విభాగం నష్టాల్లో ఉన్నప్పుడు కమిటీలో పుట్టినవి. వాటిని వంశవృక్షంలోంచి కొట్టేసి, మార్క్ 2 తర్వాత నేరుగా మార్క్ 3 అని రాసేశారు. 1968 ఏప్రిల్‌లో, 1969 మోడల్‌గా విడుదలైంది. కారు మీద నంబరు రోమన్ అంకెల్లో వేశారు, రాజుల పేర్ల వెనక వేసినట్టు. కొన్న మనిషికి పదేళ్ల కిందటి మార్క్ 3 గుర్తుంటే గుర్తుండనీ, అప్పటికది పాతకార్ల దుకాణంలో ఏ మూలో పడుంది, అడ్డొచ్చి అడిగేదెవరు?

నా అభిప్రాయంలో ఈ మొత్తం వరసలో తెలివైన పని ఆ గ్రిల్ కాదు, ఈ నంబరే. థండర్‌బర్డ్‌కి ముసుగేసిన కారుకి ఒక్క అంకెతో గోత్రం ఇచ్చేశారు.

డిక్కీ సంగతి చూడండి. మార్క్ 2 డిక్కీ మూతకి గుండ్రటి బుడిపె ఉండేది, దాని కింద నిజంగానే స్టెప్నీ ఉండేది. మార్క్ 3కీ అలాంటి బుడిపె పెట్టారు. మూత ఎత్తి చూస్తే కింద ఏమీ లేదు, ఖాళీ. స్టెప్నీ ఇంకోచోట పడుకుని ఉంటుంది. తాతగారి పులిపిరిని అచ్చు వేయించుకున్నట్టు.

లోపల మాత్రం పీనాసితనం చూపించలేదు. 7.5 లీటర్ల వి-8, అంటే మన మారుతి 800 ఇంజన్లు తొమ్మిది కలిపినా ఇంకా కాస్త మిగిలేంత. డ్యాష్‌బోర్డు మీద ఫ్రెంచి నగల కంపెనీ కార్టియే పేరున్న గడియారం. 1970 మోడల్‌కి మిషలిన్ రేడియల్ టైర్లు కంపెనీ నుంచే వేసి ఇచ్చారు, అమెరికన్ కార్లలో అలా అన్ని కార్లకీ ఇవ్వడం అదే మొదలు. వెనక చక్రాలు బ్రేకు వేసినప్పుడు జారకుండా ఆపే యాంటీలాక్ ఏర్పాటు కూడా ఉండేది. మూడేళ్లలో 79,381 కార్లు అమ్ముడయ్యాయి.

1972లో మార్క్ 4. ఇక్కణ్నుంచి డెబ్బైల అసలు రుచి మొదలు. ఈసారి థండర్‌బర్డ్, మార్క్ రెండూ మొదటి నుంచే కవలలుగా గీసినవి, ఒకే చాసీ, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య ఒకే దూరం. పైకప్పుకి రెక్సిన్ తొడుగు, వెనక వెడల్పాటి స్తంభంలో కోడిగుడ్డు ఆకారంలో చిన్న అద్దం. దీన్ని ఒపేరా విండో అంటారు. మొదటి ఏడాది అదనపు డబ్బు కడితే పెట్టేవారు, జనం దాదాపు అందరూ అదే అడగడంతో 1973 నుంచి అన్ని కార్లకీ ఇచ్చేశారు. వెనక కూర్చున్నవాడికి అందులోంచి కనిపించేదేమీ ఉండదు. బయటివాడికి లోపల ఎవరో గొప్పవాడు కూర్చున్నట్టు అనిపిస్తుంది.

1972 మార్క్ 4ని మిగతా ఏళ్ల నుంచి విడిగా గుర్తుపట్టాలంటే ముందు బంపర్ చూడాలి. ఆ ఏడాది గ్రిల్ బంపర్‌ని దాటి కిందికి దిగి ఉంటుంది. 1973 నుంచి గంటకి 5 మైళ్ల వేగంతో గుద్దినా హెడ్‌లైట్ల లాంటి భద్రతా భాగాలు పాడవకూడదని ప్రభుత్వం రూలు పెట్టింది. దాంతో ముందు దూలంలాంటి బంపర్ వచ్చింది, గ్రిల్‌ని పైకి కత్తిరించారు. మరుసటేడు వెనక కూడా అదే దూలం. ముందు చెప్పిన ఆ గోపురం పోయి పెంకుటిల్లు మిగిలింది అనను గానీ, మొదటి ఏడాది ముఖమే బాగుండేది.

ఇంకో అపార్థం కూడా ఇక్కడే తీర్చేయాలి. పాత పట్టికలు చూస్తే 1971 మార్క్ 3కి 365 హార్స్‌పవర్ అని, 1972 మార్క్ 4కి రెండొందల చిల్లర అని ఉంటుంది. ఒక్క ఏడాదిలో ఇంజన్ చచ్చుబడిపోయిందని చాలామంది రాస్తుంటారు. ఇంజన్ అదే 7.5 లీటర్లది. మారింది ఎక్కువగా కొలత. అంతకు ముందు ఇంజన్‌ని విడిగా టేబుల్ మీద పెట్టి, ఆల్టర్నేటర్ లేకుండా, సైలెన్సర్ లేకుండా కొలిచేవారు. 1972 నుంచి కారులో ఉండే సరంజామా అంతా తగిలించి కొలవడం మొదలైంది. సీసం లేని పెట్రోలు రాబోతోందని కంప్రెషన్ తగ్గించడం వల్ల నిజంగా కొంత బలం పోయింది, అది వేరే సంగతి. పండ్లని బుట్టతో సహా తూచేవాళ్లు బుట్ట తీసి తూచారు, రెండు మూడు పండ్లు కూడా తగ్గాయి. రెండూ కలిపి చూసినవాళ్లకి దొంగతనం జరిగినట్టు అనిపించింది.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. బంకుల ముందు క్యూలు, హైవేల మీద 55 మైళ్ల పరిమితి. లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప అనుకునే ఈ కారు అప్పుడే పోవాలి కదా? పోలేదు. 1973 మోడల్ 69,437 అమ్ముడైతే, తర్వాత కొంత తగ్గినా మార్క్ 4 మొత్తం అయిదేళ్లలో 2,78,599కి చేరింది. ఇంత ధర పెట్టి కొనేవాడికి పెట్రోలు ఖర్చు ఒక లెక్క కాదన్నది ఒక కారణం. నాకు ఇంకోటి కూడా అనిపిస్తుంది. వేగం మీద పరిమితి వచ్చింది, ఇంజన్ల బలం తగ్గింది, ఇక కారు గొప్పగా పరిగెత్తే వీలు లేదు, కాబట్టి గొప్పగా కూర్చోబెట్టడమే మిగిలింది. షెవర్లే మాంటే కార్లో, పాంటియాక్ గ్రాండ్ ప్రీ, క్రైస్లర్ కోర్డొబా, ఇవన్నీ మధ్యతరగతికి అదే కలని చిన్న ప్యాకెట్లో అమ్మినవే. అందరిదీ ఒకటే సూత్రం, పొడుగు బానెట్, పొట్టి డిక్కీ, రెక్సిన్ కప్పు, చిన్న కిటికీ.

కూర్చోబెట్టడంలో పరాకాష్ఠ 1976. నలుగురు ఫ్యాషన్ పెద్దల పేర్లతో నాలుగు రకాలు తెచ్చారు, కార్టియే, బిల్ బ్లాస్, జివాన్షి, పూచీ. కార్టియేది పావురం రంగు బూడిద, బిల్ బ్లాస్‌ది ముదురు నీలం మీద మీగడ రంగు, జివాన్షిది సముద్రపు నీలిపచ్చ, పూచీది ముదురు ఎరుపు మీద వెండి. ఒపేరా విండో మీద వాళ్ల సంతకం, డ్యాష్‌బోర్డు మీద బంగారు పూత ఫలకం, దాని మీద కొన్నవాడి పేరు. కారుకి పట్టుచీర అంచు కుట్టినట్టు. కింద ఇంజనూ చాసీ అవే. రంగు, గుడ్డ, సంతకం, వీటి మీద లాభం ఎంతుంటుందో బట్టల కొట్టు వాళ్లనడిగితే చెబుతారు.

1977 మార్క్ 5 ఈ వంశంలో అందరికంటే పొడుగు, 5.85 మీటర్లు. పక్కన మారుతి 800 నిలబెడితే ఇంకా రెండున్నర మీటర్లు మిగులుతుంది, అందులో చాప పరుచుకుని పడుకోవచ్చు. మార్క్ 4 గుండ్రాలన్నీ పోయి ఇస్త్రీ మడతల్లాంటి అంచులొచ్చాయి, ముందు చక్రాల వెనక మూడు చీలికలు. పాత చాసీయే, అయినా బరువు కొన్ని వందల పౌండ్లు తగ్గించారు. మామూలు ఇంజన్ 6.6 లీటర్లకి దిగింది, 7.5 కావాలంటే అడగాలి, 1979లో అడిగినా లేదు. ఎందుకంటే 1975లో వచ్చిన చట్టం ప్రకారం 1978 మోడళ్ల నుంచి కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మైలేజీ గాలనుకి 18 మైళ్లు ఉండాలి.

అదే 1977లో కవల థండర్‌బర్డ్‌ని విడదీసి, చిన్న చాసీ మీదకి మార్చి, ధర బాగా తగ్గించేశారు. ఆ ఒక్క ఏడాదే 3,18,140 థండర్‌బర్డ్‌లు పోయాయి. అలా తమ్ముడు బజారు మనిషి అయిపోయాడు, అన్న మాత్రం పాత బంగళాలోనే ఉండిపోయాడు.

1978లో ఫోర్డ్ కంపెనీకి డెబ్బై అయిదేళ్లు. డైమండ్ జూబిలీ అని ఒక మార్క్ 5 తెచ్చారు. కారు ధర మీద 8,000 డాలర్లు అదనం, మొత్తం 20,000 దాటుతుంది. రంగులు రెండే, నీలం, బంగారం. కారు రంగుకి సరిపోయే గొడుగు లోపలే ఉంటుంది, ఒపేరా విండో అద్దంలో వజ్రపు తునకలాంటిది పొదిగారు. నకిలీదే లెండి, డిక్కీ బుడిపెకి చెల్లెలు. 5,159 మంది కొన్నారు. మూడేళ్లకి మార్క్ 5 మొత్తం 2,28,000 పైచిలుకు.

తర్వాతది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఆసక్తి అక్కడితో సన్నగిల్లుతుంది. 1980 మార్క్ 6ని కుదించి లింకన్ సెడాన్‌తో కలిపేశారు, 1960 తర్వాత మళ్లీ నాలుగు తలుపుల మార్క్ వచ్చింది, ఇరాన్ గొడవతో పెట్రోలు మళ్లీ మండుతోంది, అమ్మకాలు సగానికి పడిపోయాయి. కొట్టేసిన 1958-60 తప్పునే మళ్లీ చేశారు, లింకన్‌కే నగలు పెట్టి మార్క్ అన్నారు. 1984 మార్క్ 7 నిజంగా మంచి కారు, గాలి సస్పెన్షన్, అమెరికాలో మొట్టమొదటిసారి బల్బు మార్చుకునే రకం హెడ్‌లైట్లు, ఎల్ఎస్‌సీ అని మస్టాంగ్ ఇంజన్ పెట్టిన గట్టి రకం కూడా ఉండేది. 1993లో మార్క్ 8, 1998లో దానితో సరి. చివరి మార్క్ 8 దాకా డిక్కీ మీద ఆ ఖాళీ బుడిపె అలాగే ఉంది.

2006లో ఫోర్డ్ ఆ పేరు తీసి మార్క్ ఎల్‌టీ అని ఒక పికప్ ట్రక్కుకి పెట్టింది. ఆ దరిదాపుల్లోనే కొత్త లింకన్ కార్లకి ఎమ్, కే అక్షరాలతో మొదలయ్యే పేర్లు పెట్టడం మొదలెట్టారు. అందులో ఎమ్‌కేఎక్స్‌ని 'మార్క్ ఎక్స్' అని పలకాలని కంపెనీ ఉద్దేశం, పాత పరువు కాస్త అంటుకుంటుందని. జనానికి అది తట్టలేదు, రాసిందే చదివారు, ఎమ్ కే ఎక్స్ అని. కొన్నాళ్లకి కంపెనీ కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది.